వైఫై హ్యాక్ అయిందా? మా సందు పేరు వాడికెట్ల తెలిసింది?

రాత్రి_డ్యూటీ_517
ఒక డౌటు. క్రికెట్ గ్రూపులో ఒకడితో మాటా మాటా పెరిగింది, ధోనీ యవ్వారమే లే, వాడు ఉన్నట్టుండి "నువ్వు కొర్లగుంట వోడివే కదా, మీ సందు చివర వాటర్ ట్యాంకు కాడికి రా, మాట్లాడుకుందాం" అని పెట్టినాడు. తిరుపతిలో కొర్లగుంట మాది నిజమే, కానీ నేను యాడా అడ్రస్ చెప్పలా, అసలు పేరు కూడా చెప్పలా. అప్పట్నుంచి రాత్రిపూట మా నెట్ నిండా స్లో అయిపోతా ఉండాది, ఇంట్లో ఎవరూ వాడకపోయినా రూటర్ లైట్లు టపటపా కొట్టుకుంటా ఉండాయి. వాడు ఐపీ అడ్రస్, అదే మన నెట్ కనెక్షన్‌కి ఉండే నంబరు, పట్టుకోని మా వైఫైలోకి దూరేసినాడని మా బామ్మర్ది అంటా ఉండాడు. కంపెనీకి ఫోన్ చేస్తే రూటర్ ఆపి ఆన్ చెయ్యండి సార్ అంటారు, అంతకుమించి వాళ్ళకి ఇంకో మాట రాదు. ఐపీతో ఇల్లు కనుక్కోవచ్చా లేదా తెలిసినోళ్ళు చెప్పండి.

చిత్తూరు_చింతపండు
ముందు వాటర్ ట్యాంకు కాడికి పోయినావా లేదా అది చెప్పు

ఎర్రచందనం
ఐపీ దొరికిందంటే అయిపోయినట్టే అన్నా. గూగుల్లో ఐపీ వేస్తే మ్యాపులో చుక్క చూపిస్తాది. వెంటనే ఐపీ దాచిపెట్టే యాప్, ఫ్రీ వీపీఎన్ ఒకటి వేసుకో.

బెంగళూర్_బస్సు
@ఎర్రచందనం చుక్క చూపిస్తాది సరే, ఆ చుక్క యాడ పడతాదో ఎప్పుడన్నా చూసినావా? పలమనేర్లో మా ఇంట్లో కూర్చోని నా ఐపీ నేనే వెతికితే ఒక సైటు చెన్నై అనింది, ఇంకోటి హైదరాబాద్ అనింది. ఐపీ నంబర్లు కంపెనీ పేరు మీద ఉంటాయి, ఫలానా నంబర్ల కట్ట ఫలానా ఊరిదని ఎవురో రాసిపెట్టుకున్న లెక్క చూసి ఆ సైట్లు చుక్క పెడతాయి. పైగా మొబైల్ నెట్‌లో దాదాపు అందరికీ, ఫైబర్‌లో కూడా చాలామందికి సొంత ఐపీ ఉండదు, ఒకే పబ్లిక్ ఐపీ వెనకాల బోలెడంత మంది ఉంటారు, సీజీనాట్ అంటారు దాన్ని. ఏ టైంలో ఆ ఐపీలో ఏ పోర్టు, అంటే ఏ ఉప నంబరు, ఎవరికి పోయిందో కంపెనీ లాగుల్లో, అదే రికార్డుల్లో, ఉంటాది, పోలీసోళ్ళు రాతపూర్వకంగా అడిగితే ఇస్తారు, క్రికెట్ గ్రూపులో కొట్లాడేవోడు అడిగితే ఇయ్యరు.

ఇంగొకటి, గ్రూపులో నీ ఐపీ తోటి మెంబర్‌కి కనపడదు, నడిపే కంపెనీకి కనపడతాది అంతే. వాడు ఏదన్నా లింకు పంపి నువ్వు నొక్కినావా? వాడితో ఆ యాప్‌లోనే కాల్ మాట్లాడినావా? అట్లయితే ఐపీ వాడికి చేరే దారి ఉండాది. చేరినా ఊరి దాకా, జిల్లా దాకా వస్తాది, వాటర్ ట్యాంకు దాకా రాదు.

రాత్రి_డ్యూటీ_517
లింకు నొక్కలా, కాలూ లేదు. మరి ఎట్ల తెలిసింది, ఆకాశంలోంచి చూసినాడా?

గ్రీమ్స్‌పేట_అక్క
పేరు చివర 517 అని నువ్వే పెట్టుకున్నావు కదా నాయనా. ఆ గ్రూపులో కూడా ఇదే పేరా? 517 అంటే పాత చిత్తూరు జిల్లా పిన్ కోడు, 516 అంటే కడప, 515 అంటే అనంతపురం, పోస్టు ఉత్తరాలు చూసిన ఎవరికైనా తెలుస్తాది. దేశమంతా వెతకాల్సిన పని లేకుండా చేసినావు.

రాత్రి_డ్యూటీ_517
517లో లక్షలమంది ఉండారు అక్కా. అందులో నా సందే ఎట్ల దొరికింది? ఇది కచ్చితంగా వైఫై హ్యాకే. కావాలంటే చూడండి నెట్ ఎంత స్లోగా ఉందో.
(అటాచ్‌మెంట్: స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్)

చిత్తూరు_చింతపండు
ఆ స్పీడుకి హ్యాకర్ దూరినా విసుక్కొని బయటికొచ్చేసి ఉంటాడు

ఫైబర్_తంబి
నేను ఫైబర్ లైన్లు లాగే పని చేస్తా. స్లో అయితే హ్యాక్ అని కాదన్నా. కొర్లగుంట, బైరాగిపట్టెడ లాంటి సందుల్లో ఒక మిద్దెకి ఒక మిద్దె ఆనుకోని ఉంటాది, ఫోన్లో వైఫై లిస్టు తెరిస్తే పేజీ పట్టదు, అందరివీ 2.4 గిగాహెర్ట్జ్ అనే రేడియో బ్యాండ్‌లోనే ఉంటాయి. ఆ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డం రాని ఛానళ్ళు 1, 6, 11 మూడే. రాత్రి అందరూ ఇండ్లకి చేరి వీడియోలు పెట్టుకుంటే కొట్టుకుంటాయి. ఫోన్‌ని 5 గిగాహెర్ట్జ్ పేరుకి మార్చి చూడు, అది గోడలు దాటి ఎక్కువ దూరం పోదు, ఆ పోకపోవడమే మనకి మంచిది. లైట్లు కొట్టుకునేది కూడా మామూలే, ఫోన్లు మనం ముట్టుకోకపోయినా అప్‌డేట్లు, ఫోటో బ్యాకప్పులు చేస్తానే ఉంటాయి.

హ్యాకా కాదా తేలాలంటే రూటర్ పేజీలోకి పోయి ఎన్ని డివైసులు ఎక్కినాయో చూడు. బ్రౌజర్లో 192.168.1.1 వేస్తే వస్తాది, కొన్నిటికి 192.168.29.1, రూటర్ అడుగున స్టిక్కర్ మీద రాసుంటాది.

హాస్టల్_బాల్కనీ
@రాత్రి_డ్యూటీ_517 అన్నా ఆ స్క్రీన్‌షాట్ వెంటనే తీసెయ్. పైన నీ వైఫై పేరు కనపడతా ఉంది.

రాత్రి_డ్యూటీ_517
పేరు కనపడితే ఏమయితాది, పాస్‌వర్డ్ కాదు కదా

హాస్టల్_బాల్కనీ
"ధోనీ_రివ్యూ_సిస్టం" అనే వైఫై పేరు ఊర్లో ఇంకెవరికి ఉంటాది అన్నా? విగిల్ అని ఒక సైటు ఉంది, 2001 నుంచీ ఉంది. ఫోన్‌లో యాప్ వేసుకోని వీధుల్లో తిరిగేవాళ్ళు దారిలో తగిలిన ప్రతి వైఫై పేరునీ అది తగిలిన చోటునీ దాంట్లోకి ఎక్కిస్తారు. అకౌంటు పెట్టుకుంటే పేరు కొట్టి వెతకొచ్చు. నేను ఇప్పుడే వెతికినా, మ్యాపు సందు మీదికి పోయింది, మూసేసినా, ఏ సందో ఇక్కడ చెప్పను. ఇదే స్క్రీన్‌షాట్ ఆ గ్రూపులో కూడా పెట్టినావా?

రాత్రి_డ్యూటీ_517
మ్యాచ్ బఫర్ అవుతా ఉంటే పెట్టినట్టుండాను. ఈడ తీసేసినా. అయినా వీధుల్లో తిరిగి వైఫై పేర్లు రాసుకునే పనిలేనోళ్ళు ఉంటారా తిరుపతిలో?

కపిలతీర్థం_కాఫీ
తిరుపతిలో వైఫైకి శ్రీనివాస నిలయం అని పెట్టుకుంటే దాన్ని మించిన సెక్యూరిటీ లేదు. ఎవడు వెతికినా ఊరంతా చుక్కలే

చిత్తూరు_చింతపండు
@కపిలతీర్థం_కాఫీ 😂 చిత్తూర్లో అయితే బాలాజీ

బెంగళూర్_బస్సు
నవ్వులాట కాదు, నిజంగానే పనికొచ్చే మాట అది. పనిలేనోళ్ళు తిరగక్కర్లేదు కూడా, మన ఫోన్లే ఆ పని చేస్తా ఉంటాయి. శాటిలైట్ సిగ్నల్ అందని చోట, ఇంటి లోపల, ఫోన్‌కి లొకేషన్ తెలిసేది చుట్టుపక్కల వైఫైలని బట్టే. ప్రతి రూటర్‌కీ బీఎస్ఎస్ఐడీ అని ఒక నంబరుంటాది, ఏ నంబరు యాడుందో గూగుల్, ఆపిల్ రెండూ పెద్ద లెక్క పెట్టుకోనుండాయి. వైఫై పేరు మార్చినా ఆ నంబరు మారదు. 2024లో అమెరికాలో మేరీలాండ్ యూనివర్సిటీ వాళ్ళు ఆపిల్ లెక్కని వాడుకొని ఎక్కడెక్కడి రూటర్లు యాడున్నాయో, యాడ నుంచి యాడికి మారినాయో కూడా కనుక్కోవచ్చని చూపించినారు. అంటే బాడుగిల్లు మారినప్పుడు పాత రూటరే ఎత్తుకోని పోతే, పాత నంబరు తెలిసినోడికి కొత్త ఇల్లు కూడా తెలిసే వీలుంది.

దీనికి ఒక మందు ఉండాది. వైఫై పేరు చివర ఇంగ్లీషు చిన్నక్షరాల్లో అండర్‌స్కోర్ పెట్టి నోమ్యాప్ అని కలిపితే గూగుల్ ఆ రూటర్‌ని తన లెక్కలోంచి వొదిలేస్తాది, 2024 నుంచి ఆపిల్ కూడా దాన్ని ఒప్పుకుంటా ఉంది.

ఎర్రచందనం
అంత కష్టమెందుకు, వైఫై పేరే కనపడకుండా హైడ్ చేసేస్తే సరిపాయె

ఫైబర్_తంబి
@ఎర్రచందనం అది ఇంకా మోసం. పేరు దాచినా సిగ్నల్ దాగదు, వెతికే సాఫ్ట్‌వేర్‌కి కనపడతానే ఉంటాది. పేరు దాచిన వైఫైకి ఎక్కిన ఫోను ఆ పేరుతో "ఉన్నావా, ఉన్నావా" అని అది లేని చోట కూడా పిలుస్తానే ఉంటాది. నువ్వు బస్టాండులో నిలబడి ఇంటి వైఫై పేరు చాటింపు వేసినట్టు.

మ్యాక్ ఫిల్టర్, అంటే ఫోన్ల మ్యాక్ నంబరు చూసి మనం చెప్పినవాటినే ఎక్కనిచ్చేది, అది కూడా అంతే. మ్యాక్ అడ్రస్ ఎవడన్నా కాపీ కొట్టొచ్చు. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్ అయితే ఐఓఎస్ 14 నుంచి ఫోన్లే ఒక్కో వైఫైకి ఒక్కో దొంగ మ్యాక్ చూపిస్తాయి, ఇంటోళ్ళ ఫోన్లే ఎక్కక మళ్ళీ నాకే కాల్ వస్తాది.

మిద్దెమీద_మామ
పిల్లలూ, ఐపీతో ఏమీ కాదు ఏమీ కాదు అంటా ఉన్నారు. వైఫై తెరిచిపెట్టుకోవడం ఎంత దూరం పోతాదో నేనొకటి చెప్తాను. 2008 జులైలో అహ్మదాబాద్‌లో పేలుళ్ళు జరిగినప్పుడు, దానికి కొంచెం ముందు టీవీ ఛానళ్ళకి ఒక మెయిల్ వచ్చింది. ఆ మెయిల్ ఐపీ పట్టుకొని పోతే నవీ ముంబైలో ఒక అమెరికా దేశస్థుడి ఇంటికి పోయింది. ఆయనకేం సంబంధం లేదు, ఆయన వైఫైని ఎవరో వాడుకున్నారు. అయినా పోలీసులు ఇంటికొచ్చి కంప్యూటర్ ఎత్తుకోని పోయినారు, పేపర్లన్నిట్లో వచ్చింది. ఆ తర్వాత 2009లో ముంబై పోలీసులు వీధుల్లో తిరుగుతూ పాస్‌వర్డ్ లేని వైఫైలు యాడున్నాయో చూసినారు. కాబట్టి ఐపీ క్రికెట్ వోడికి దొరక్కపోవచ్చు గానీ చట్టానికి దొరికినప్పుడు తలుపు తట్టేది బిల్లు ఎవరి పేరు మీదుందో వాళ్ళదే.

అలిపిరి_రూమ్స్
@మిద్దెమీద_మామ ఇది చదివినాక నాకు గుండె జారింది సార్. మాకు యాత్రికులకిచ్చే రూములున్నాయి. వైఫై లేదంటే ఆన్‌లైన్‌లో రేటింగ్ తగ్గించేస్తారు, అందుకని పాస్‌వర్డ్ గోడ మీద రాసిపెట్టినాం. మా ఇల్లూ రూములూ అంతా ఒకే వైఫై. మా సీసీ క్యామెరాలు కూడా దాంట్లోనే.

గ్రీమ్స్‌పేట_అక్క
పాస్‌వర్డ్ ఏందో చెప్పమంటావా? నీ సెల్ నంబరు.

అలిపిరి_రూమ్స్
బోర్డు మీదుండే నంబరే పెడితే వాళ్ళకి సులభంగా ఉంటాదని...

ఫైబర్_తంబి
నేను పోయే ఇండ్లలో అందరూ చెప్పేది ఇదే, "నా నంబరే పెట్టు తంబీ, మర్చిపోను" అంటారు. 2021లో ఇజ్రాయెల్‌లో టెల్ అవీవ్‌లో ఒక సెక్యూరిటీ ఆయన ఊర్లో తిరిగి 5000 వైఫైల సిగ్నల్ పట్టుకోని ఇంటికిపోయి కూర్చుంటే 70 శాతం పైన పాస్‌వర్డ్‌లు తెలిసిపోయినాయి, కారణం అక్కడి జనం కూడా సెల్ నంబర్లే పెట్టుకున్నారు. మన నంబరు 10 అంకెలు, మొదటిది 6 నుంచి 9 లోపే, అంటే 400 కోట్ల రకాలు. వినేదానికి పెద్దదే గానీ మంచి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు సెకనుకి లక్షల్లో వేసి చూస్తాది, కొన్ని గంటల పని. ఒకసారి సిగ్నల్ పట్టుకున్నాక మీ ఇంటి దగ్గర ఉండక్కర్లేదు కూడా, వాడి ఇంట్లో వాడు ప్రయత్నం చేసుకుంటాడు, మీకు తెలీనే తెలీదు. డబ్ల్యూపీఏ2 అనే పాత వైఫై తాళం సంగతి ఇది. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3లో ఇట్ల ఇంటికెత్తుకుపోయి వెతికేది కుదరదు, రూటర్లో ఆప్షన్ ఉంటే పెట్టుకోండి, పాత ఫోన్లు ఎక్కకపోతే రెండూ కలిపి ఉండే ఆప్షన్ పెట్టండి.

@అలిపిరి_రూమ్స్ నీకైతే గెస్ట్ నెట్‌వర్క్ అని రూటర్లో ఉంటాది, యాత్రికులకి అది ఇయ్యి. దాంట్లో ఎక్కినోడికి నెట్ వస్తాది గానీ నీ క్యామెరాలూ నీ కంప్యూటరూ కనపడవు. పాస్‌వర్డ్ అప్పుడప్పుడూ మార్చు. రూములో దిగినోడి వివరాలు రిజిస్టర్లో ఎట్లా రాస్తావు కదా, అది జాగ్రత్తగా పెట్టుకో.

కపిలతీర్థం_కాఫీ
పాస్‌వర్డ్ "గోవిందాగోవిందా" పెడితే? పొడుగ్గానే ఉంటాది

ఫైబర్_తంబి
@కపిలతీర్థం_కాఫీ తిరుపతిలో ఎవడన్నా మొదట వేసి చూసేది అదే. సంబంధం లేని నాలుగైదు మాటలు కలుపు, మన యాస మాటలైతే ఇంకా మంచిది, డిక్షనరీ లిస్టుల్లో ఉండవు. పిలకాయలు, రొంత, మిద్దె, సంగటి... ఇంగ్లీషు అక్షరాల్లో నీకు తోచిన స్పెల్లింగుతో. ఇవే పెట్టొద్దు మళ్ళీ, ఈడ రాసేసినా.

చిత్తూరు_చింతపండు
@ఫైబర్_తంబి లేటయింది, పెట్టేసినా

రాత్రి_డ్యూటీ_517
రూటర్ పేజీలోకి పోయినా. యూజర్ అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మినే, ఎవడన్నా ఇట్లే పోవచ్చు కదా? డివైస్ లిస్టు చూస్తే కళ్ళు తిరిగినాయి. మా ఇంట్లో ఫోన్లు, టీవీ పోను ఇంకా నిండా ఉండాయి. చెప్తి కదా హ్యాకని! మా బామ్మర్ది ఫోన్ పేరు కూడా ఉండాది, వాడు ఎదురింట్లో ఉంటాడు.

గ్రీమ్స్‌పేట_అక్క
హ్యాక్ అని చెప్పినోడూ ఆయనే కదా 🙂

రాత్రి_డ్యూటీ_517
వాడికి నేను పాస్‌వర్డ్ ఇయ్యలా.

హాస్టల్_బాల్కనీ
నువ్వు ఇయ్యక్కర్లేదు అన్నా. ఒకసారి ఎక్కిన ఫోన్లో షేర్ నొక్కితే క్యూఆర్ వస్తాది, దాని కిందే పాస్‌వర్డ్ కూడా ఉంటాది. వాళ్ళ అక్కో చెల్లో ఫోన్లోంచి తీసుకోనుంటాడు. మా హాస్టల్లో వార్డెన్ మేడం వైఫై ఇట్లే మూడంతస్తులకీ పాకింది, మేడంకి ఇప్పటికీ తెలీదు.

రాత్రి_డ్యూటీ_517
మా ఇంటామెని అడిగితే "నా తమ్ముడు కాక ఇంకెవరు" అనింది. వాడేమో మా పైమిద్దెలో బాడుగకుండే పిలకాయలకి క్యూఆర్ చూపించినాడంట. రాత్రంతా వాళ్ళే గేములు.

చిత్తూరు_చింతపండు
హ్యాకర్ని పట్టుకున్నాం, కేసు పెడితే అన్నం పెట్టరు

ఎర్రచందనం
అందుకే వీపీఎన్ అన్నా మొదట్నే

బెంగళూర్_బస్సు
@ఎర్రచందనం బామ్మర్దికి వీపీఎన్ ఏం చేస్తాది? పబ్లిక్ వైఫైలో బయట ఉన్నప్పుడు పనికొస్తాది, సైట్లకి నీ ఐపీ చూపించకుండా పనికొస్తాది, నిజమే. కానీ నువ్వు కంపెనీ నుంచి దాచిందంతా వీపీఎన్ వాడి చేతిలో పెడతా ఉండావు. ఫ్రీగా ఇచ్చేవోడికి ఖర్చు యాడ నుంచి వస్తాదో ఆలోచించు. 2022 ఏప్రిల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ రూలు పెట్టింది, వీపీఎన్ వాళ్ళు కస్టమర్ల పేర్లు, వివరాలు 5 ఏళ్ళు ఉంచాలని, అది ఇష్టం లేక కొన్ని పెద్ద కంపెనీలు ఇండియాలోంచి సర్వర్లు తీసేసుకున్నాయి. ఆ తర్వాత కూడా మిగిలిన ఫ్రీ యాప్‌ని నేనైతే నమ్మను.

ఎర్రచందనం
నేను రెండేళ్ళుగా వాడతా ఉండా, ఏమీ కాలా. అందరూ భయపెట్టేదే.

హాస్టల్_బాల్కనీ
వీపీఎన్ గొడవ మీరు చూసుకోండి గానీ నాకు అసలు భయం వైఫై కాదు. మా బ్యాచ్‌లో ఒక అమ్మాయి ప్రొఫైల్లో ఊరు లేదు, ఇంటిపేరు లేదు, అయినా ఒకడు హాస్టల్ గేటు దాకా వచ్చినాడు. కిటికీలోంచి కొండ కనపడేలా ఫోటోలు పెడుతుంది, శేషాచలం ఏ మూల నుంచి ఎట్లా కనపడతాదో ఈ ఊరోళ్ళకి చెప్పాల్నా? పొద్దున పరుగెత్తే యాప్‌లో అలిపిరి దాకా మ్యాపు పెడుతుంది, మ్యాపు మొదలయ్యేది హాస్టల్ గేటు దగ్గర్నుంచే. పైన గూగుల్ మ్యాప్స్‌లో రివ్యూలు, మెడికల్ షాపు, టిఫిన్ సెంటరు, టైలరు, జిరాక్సు, అన్నీ ఒకే వీధిలో. రివ్యూ రాసిన పేరు మీద నొక్కితే ఆ మనిషి రాసినవన్నీ ఒకే చోట కనపడతాయి, మధ్యలో ఇల్లుంటాది అంతే. ఏ ఒక్కటీ రహస్యం కాదు. వాడు ఏ హ్యాకింగూ చెయ్యలా, తీరిగ్గా కూర్చోని చదివినాడు.

గ్రీమ్స్‌పేట_అక్క
@హాస్టల్_బాల్కనీ కంప్లైంట్ ఇచ్చినారా? సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చెయ్యొచ్చు, అది జాస్తిగా డబ్బు మోసాలకి గానీ, సైబర్‌క్రైం పోర్టల్లో ఆడపిల్లల కేసులకి వేరే విభాగం ఉంది. 2024 జులై నుంచి ఐపీసీ బదులు వచ్చిన చట్టం బీఎన్ఎస్‌లో 78 సెక్షన్ వెంటపడేవాళ్ళ మీదే, ఆన్‌లైన్‌లో గమనించేది కూడా దాంట్లో ఉంది.

హాస్టల్_బాల్కనీ
ఇచ్చింది అక్కా. వాడు మళ్ళా రాలేదు. రివ్యూలన్నీ తీసేసింది.

బెంగళూర్_బస్సు
పరుగు యాప్ మాటకొస్తే 2018లో స్ట్రావా మ్యాపులో ఎడారుల మధ్య వెలుగుతా ఉండే గీతలు చూసి సైనిక స్థావరాలు యాడున్నాయో జనం కనిపెట్టినారు, సైనికులు పరుగెత్తిన దారులే అవి. సెట్టింగుల్లో మొదలూ చివరా దాచే ఆప్షన్ ఉంది. ఫోటోల్లో కూడా లొకేషన్ లోపల దాగి ఉంటాది, వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అది పోతాది, డాక్యుమెంటుగా పంపితే అట్లే పోయి చేరుతాది. బాడుగిండ్ల ఫోటోలు "క్లియర్‌గా ఉంటాయి" అని డాక్యుమెంటుగా పంపేవోళ్ళు గుర్తుపెట్టుకోండి.

మిద్దెమీద_మామ
క్యామెరాలో లొకేషన్ ఆపేస్తే ఒక్కసారితో పోతుంది కదా.

బెంగళూర్_బస్సు
@మిద్దెమీద_మామ అవును సార్, అదే సులభం. ఇప్పటిదాకా తీసినవాటికి మాత్రం పోదు.

రాత్రి_డ్యూటీ_517
సరే ఇవన్నీ ఒప్పుకుంటా, కానీ వాడు వైఫై పేరుతోనే పట్టినాడని గ్యారంటీ ఏముంది? నా ప్రొఫైల్ ఫోటోలో బండి కూడా ఉండాది, ఏపీ 03 నంబరు, చిత్తూరు జిల్లాది.

గ్రీమ్స్‌పేట_అక్క
517, ఏపీ 03, ధోనీ వైఫై. ఇంగ వాడికి వాటర్ ట్యాంకు కనపడకుండా ఎట్ల పోతాది నాయనా.

ఫైబర్_తంబి
@రాత్రి_డ్యూటీ_517 ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తా, ఫోన్లో అడుగుతా అడుగుతా చేసుకో. ముందు రూటర్ లోపలి అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చు, వైఫైది కాదు, పేజీది, మార్చింది యాడన్నా రాసుకో. తర్వాత వైఫై పేరు ధోనీది తీసేసి ఏదో ఒక మామూలుది పెట్టు, చివర నోమ్యాప్ కలుపు. వైఫై పాస్‌వర్డ్ పొడుగ్గా మార్చు, అందరి ఫోన్లూ దిగిపోతాయి, మళ్ళీ ఎక్కించుకోవాల. బామ్మర్దికి గెస్ట్ ఇయ్యి, గొడవ లేకుండా ఉంటాది. పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో ఎక్కించే డబ్ల్యూపీఎస్ అనే ఆప్షన్ ఆపెయ్, దాని 8 అంకెల పిన్ రెండు ముక్కలుగా సరిచూసేదని 2011లోనే బయటపడింది, 11 వేల సార్లు ప్రయత్నిస్తే చాలు దొరుకుతాది. బయటినుంచి రూటర్‌ని మార్చనిచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్ అని ఉంటే అదీ ఆపు. రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్, అదే ఫర్మ్‌వేర్, అప్‌డేట్ బటన్ ఉంటే నొక్కు. కొన్ని కంపెనీ రూటర్లలో ఈ మెనూలు మూసేసి ఉంటారు, అట్లయితే కంపెనీ వోడినే అడగాల.

రాత్రి_డ్యూటీ_517
అడిగితే మళ్ళీ ఆపి ఆన్ చెయ్ అంటారు

అలిపిరి_రూమ్స్
గెస్ట్ పెట్టేసినా తంబీ. క్యామెరా పాస్‌వర్డ్ కూడా అడ్మినే ఉండింది, మార్చినా. క్యామెరా రికార్డింగు పెట్టె, అదే డీవీఆర్, బిగించినోడు అన్ని లాడ్జీలకీ ఇదే పెడతాడంట.

ఫైబర్_తంబి
@అలిపిరి_రూమ్స్ మంచి పని చేసినావు. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇట్లాంటి అడ్మిన్, అడ్మిన్ క్యామెరాలనీ రూటర్లనీ ప్రపంచమంతా లక్షల్లో పట్టుకుంది. క్యామెరా బయటినుంచి చూసుకునే యాప్‌కి కూడా వేరే పాస్‌వర్డ్ పెట్టు.

చిత్తూరు_చింతపండు
@రాత్రి_డ్యూటీ_517 ఇంత గొడవెందుకు, కొత్తది కొనుక్కో, ఆ పాత రూటర్ నాకమ్ము. ఎంతకిస్తావు?

ఫైబర్_తంబి
అమ్మేటట్టయితే వెనకాల సన్న బొక్కలో పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కి రీసెట్ చేసి ఇయ్యి. లేకుంటే నీ కనెక్షన్ లాగిన్, వైఫై పాస్‌వర్డ్ అన్నీ దాంతోనే పోతాయి.

రాత్రి_డ్యూటీ_517
అది కంపెనీ రూటర్ సామీ, అమ్మేదానికి నాది కాదు. 5 గిగాహెర్ట్జ్ పేరు లిస్టులో కనపడలా, మాది సింగిల్ బ్యాండంట. రేపు డ్యూటీ దిగినాక మిగతావి చేస్తా.